మిషన్ ఆఫ్ బర్మా ఎందుకు ఆగిపోయింది, 19 ఏళ్ల తర్వాత మళ్లీ ఎలా నిలబడింది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: అమెరికన్ సంగీతకారుడు మోబీ పాడిన పాట ఒకటి నచ్చి వెతికితే, అసలు అది బోస్టన్‌కు చెందిన మిషన్ ఆఫ్ బర్మా అనే పోస్ట్-పంక్ (పంక్ రాక్ తర్వాత దాని నుంచి పుట్టిన ప్రయోగాత్మక రాక్) బ్యాండ్‌దని తెలిసింది. వాళ్ల ఆల్బమ్ 1982లో ఒకటి వస్తే, తర్వాతిది 2004లో వచ్చింది. మధ్యలో ఏమైంది, గొడవపడ్డారా, మళ్లీ కలిసింది డబ్బు కోసమేనా, ఆ తర్వాతి ఆల్బమ్‌లు వినొచ్చా అని అడిగారు. చివర్లో, మీరూ ఒక బ్యాండ్‌లో గిటార్ వాయిస్తారనీ, ప్రాక్టీస్ అయిన రాత్రి చెవులు గుయ్‌మంటాయనీ, వాళ్ల కథ చదివాక టెన్షన్‌గా ఉందనీ రాశారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. గొడవలేమీ లేవు. గిటారిస్టు రోజర్ మిల్లర్ చెవులు దెబ్బతినడంతో 1983లో ఆపేశారు. 2002లో మళ్లీ కలిశాక పాత పాటలతో సరిపెట్టుకోకుండా నాలుగు కొత్త స్టూడియో ఆల్బమ్‌లు చేశారు. తొలి దశలో వాళ్లు చేసిన పూర్తి స్టూడియో ఆల్బమ్ ఒక్కటే, దానికి ముందు ఒక ఈపీ (కొద్ది పాటల చిన్న రికార్డు). అంటే రెండో ఇన్నింగ్స్‌లో చేసిన పరుగులే ఎక్కువ. తప్పకుండా వినండి, 2006 నాటి 'ది ఒబ్లిటరాటి'తో మొదలుపెట్టండి. ఇక మీ చెవుల సంగతి: టెన్షన్ పడటంలో తప్పు లేదు, కానీ టెన్షన్‌తో ఆగిపోకుండా చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. వాటి గురించి కింద వివరంగా రాస్తాను.

నేను హైదరాబాద్‌లో లైవ్ సౌండ్ మిక్సింగ్ చేస్తాను. పబ్‌లు, కాలేజీ ఫెస్ట్‌లు, ఆడిటోరియంలు, ఏవైనా సరే. ఈ బ్యాండ్ మీద నాకున్న ప్రేమలో సగం పాటల వల్ల పుట్టింది, మిగతా సగం వాళ్ల సౌండ్ డెస్క్ (వేదిక మీది శబ్దాలన్నీ కలిపి సరిచేసే మిక్సర్) దగ్గర జరిగిన పని వల్ల పుట్టింది. అందుకే ఆ వైపు నుంచి కాస్త ఎక్కువే చెప్తాను.

పేరు చూసి రంగూన్‌తో సంబంధం వెతకొద్దు. రంగం వెళ్లొచ్చిన తాతల కథలు వింటూ పెరిగిన ఇళ్లు మన కోస్తాలో చాలానే ఉన్నాయి కాబట్టి ఆ పేరు వినగానే మనసు అటు పోవడం సహజం. బేసిస్టు క్లింట్ కాన్లీ న్యూయార్క్‌లో బర్మా దౌత్య కార్యాలయం గోడ మీద 'మిషన్ ఆఫ్ బర్మా' అని ఉన్న పలకను చూసి, ఆ మాటలు బాగున్నాయని బ్యాండ్‌కు పెట్టేశాడు. పేరు కథ అంతే.

మిల్లర్, కాన్లీ అంతకుముందు మూవింగ్ పార్ట్స్ అనే బ్యాండ్‌లో కలిసి వాయించారు. అది ఆగిపోయాక డ్రమ్మర్ పీటర్ ప్రెస్కాట్‌ను కలుపుకుని 1979లో బోస్టన్‌లో కొత్త బ్యాండ్ మొదలుపెట్టారు. మిల్లర్‌ది మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్. సంగీతం చదువుకున్నవాడు, పియానో కూడా వాయిస్తాడు. కాన్లీ రాసే పాటల్లో బాణీ ముందుకొస్తుంది, ఒకసారి వింటే నాలుక మీద ఆడుతుంది. మిల్లర్ పాటలు మెలికలు తిరుగుతాయి, ఎక్కడ ఆగుతాయో ఎక్కడ మలుపు తీసుకుంటాయో ముందే చెప్పలేం. ప్రెస్కాట్ డ్రమ్స్ వాయిస్తూనే అరుస్తాడు, పాటలూ రాస్తాడు. ముగ్గురూ రాసి ముగ్గురూ పాడే బ్యాండ్‌లో ఎవరి అహం ఎవరికి తగులుతుందోనని బయటివాళ్లకు భయం వేస్తుంది. వీళ్ల విషయంలో మాత్రం అదే బలమైంది.

నాలుగో మనిషి మార్టిన్ స్వోప్. ఇతని గురించి కాస్త తీరిగ్గా చెప్పాలి. స్వోప్ వేదిక ఎక్కడు. ప్రేక్షకుల వెనకాల సౌండ్ డెస్క్ దగ్గర, ఒక రీల్ టేప్ రికార్డర్ పక్కన ఉంటాడు. పాట జరుగుతుండగానే వేదిక మీది శబ్దంలోంచి ఒక ముక్క, గిటార్ కావచ్చు గొంతు కావచ్చు, టేప్ మీదికి తీసుకుంటాడు. దాన్ని వెనక్కి తిప్పడమో, వేగం మార్చడమో, లూప్‌గా చుట్టి తిప్పుతూ ఉండటమో చేసి తిరిగి అదే పాటలోకి, అదే స్పీకర్ల నుంచి వదులుతాడు. హాల్లో ఉన్నవాళ్లకు ఏదో వింత శబ్దం తల చుట్టూ తిరుగుతున్నట్టు వినిపిస్తుంది, కానీ వేదిక మీద ఆ శబ్దం చేసేవాడు ఎవడూ కనిపించడు. మిల్లరే గిటార్‌తో ఏదో మాయ చేస్తున్నాడని చాలామంది అనుకునేవాళ్లు.

ఈ రోజుల్లో ఒక చిన్న పెడల్ తొక్కితే లూప్ తయారవుతుంది. 1980లో చేత్తో టేప్ తిప్పుతూ, పాట ఎటు పోతుందో ముందే పసిగట్టి, ఆ ముక్క సరిగ్గా ఎప్పుడు తిరిగి రావాలో చూసుకోవాలి. పొరపాటున లెవెల్ ఎక్కువైతే ఫీడ్‌బ్యాక్ (స్పీకర్ శబ్దం మళ్లీ మైకులోకి వెళ్లి పుట్టే కీచుమోత) వచ్చి పాటంతా మునిగిపోతుంది. డెస్క్ దగ్గర నిలబడి పనిచేసే నాలాంటివాళ్లకు ఆ సాహసం విలువ బాగా తెలుసు. మిక్సింగ్ చేసే మనిషిని బ్యాండ్ సభ్యుడిగా లెక్కించి, ఆల్బమ్ మీద సమానంగా పేరు వేసిన బ్యాండ్‌లు అప్పుడూ తక్కువే, ఇప్పుడూ తక్కువే.

1980లో 'అకాడమీ ఫైట్ సాంగ్' సింగిల్, 1981లో 'సిగ్నల్స్, కాల్స్ అండ్ మార్చెస్' ఈపీ, 1982లో 'వర్సెస్' ఆల్బమ్ వచ్చాయి. మూడూ బోస్టన్‌లోని ఏస్ ఆఫ్ హార్ట్స్ అనే చిన్న లేబుల్ (రికార్డులు విడుదల చేసే సంస్థ) మీదే. దాన్ని నడిపిన రిక్ హార్ట్ స్టూడియోలో ఒక్కో శబ్దాన్ని ఓపిగ్గా చెక్కే రకం. మీరు మోబీ గొంతులో విన్న 'దట్స్ వెన్ ఐ రీచ్ ఫర్ మై రివాల్వర్' ఆ ఈపీలోదే, రాసింది కాన్లీ. మోబీ 1996లో తన 'యానిమల్ రైట్స్' ఆల్బమ్‌లో పాడాడు. 'అకాడమీ ఫైట్ సాంగ్'ను అమెరికన్ రాక్ బ్యాండ్ ఆర్.ఇ.ఎం. వాళ్లు 1980ల చివర్లో తమ కచేరీల్లో వాయించేవాళ్లు. సొంత ఊళ్లో కాలేజీ రేడియోలు నెత్తిన పెట్టుకున్నా, ఊరు దాటితే చాలా చోట్ల హాల్లో జనం పలచగా ఉండేవాళ్లు. ఈ బ్యాండ్ ఎంత గొప్పదో తర్వాతి తరం బ్యాండ్‌లు చెప్తేనే లోకానికి తెలిసింది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మిల్లర్‌కు టినిటస్ ఉంది, అంటే బయట ఏ శబ్దమూ లేకపోయినా చెవిలో మోత వినిపిస్తూనే ఉండటం. వాయించే కొద్దీ అది ముదిరింది. చివరి టూర్‌లో చెవుల్లో ప్లగ్‌లు పెట్టుకుని, వాటి మీద తుపాకీ కాల్పుల ప్రాక్టీస్‌లో వాడే పెద్ద ఇయర్‌మఫ్‌లు తగిలించుకుని వాయించాడు. ఆ ఫొటోలు చూస్తే నాకిప్పటికీ గుండె పట్టేసినట్టుంటుంది. 1983 మార్చిలో బోస్టన్‌లోని బ్రాడ్‌ఫర్డ్ హోటల్ బాల్‌రూమ్‌లో సొంత ఊరి జనానికి వీడ్కోలు చెప్పారు. ఆ ఆఖరి టూర్ రికార్డింగులతో 1985లో 'ది హారిబుల్ ట్రూత్ అబౌట్ బర్మా' వచ్చింది.

ప్లగ్ మీద మఫ్ పెట్టినా ఎందుకు సరిపోలేదని మీకు సందేహం రావచ్చు. రెండూ కలిపితే రక్షణ రెట్టింపు కాదు. రెండింటిలో మెరుగైనదానికి ఇంకో 5 డెసిబెల్స్ (శబ్ద తీవ్రతకు కొలమానం) కలుస్తాయి, అంతే. ఆపైన శబ్దం పుర్రె ఎముకల గుండా కూడా లోపలి చెవికి చేరుతుంది. అందుకే చెవిని మూసుకోవడం ఒక్కటే మందు కాదు, వేదిక మీద శబ్దమే తగ్గాలి. రీయూనియన్‌లో వాళ్లు పట్టుకున్న కిటుకు ఇదే.

మధ్యలో 19 ఏళ్లు ఎవరి దారి వాళ్లది. మిల్లర్, స్వోప్ కలిసి బర్డ్‌సాంగ్స్ ఆఫ్ ది మెసోజోయిక్‌లో పనిచేశారు. అక్కడ మిల్లర్‌ది పియానో, శబ్దం చెవికి భరించేంతలో ఉండేది. తర్వాత మూకీ సినిమాలకు ప్రత్యక్షంగా సంగీతం వాయించే అలాయ్ ఆర్కెస్ట్రాలోనూ చేరాడు. ప్రెస్కాట్ వోల్కానో సన్స్ బ్యాండ్ పెట్టి రాక్ వదలకుండా సాగాడు. కాన్లీ 1986లో యో లా టెంగో తొలి ఆల్బమ్‌ను ప్రొడ్యూస్ చేసి, ఆ తర్వాత సంగీతం దాదాపు పక్కన పెట్టేశాడు. బోస్టన్‌లో ఒక టీవీ ఛానల్‌లో ప్రొడ్యూసర్‌గా ఉద్యోగం చేసుకున్నాడు. స్వోప్ హవాయి వెళ్లిపోయాడు.

నలుగురిలో ఎవరూ పాత పేరును అమ్ముకుంటూ బతకలేదన్నది గమనించండి. అది వాళ్లను కాపాడింది.

2001 ప్రాంతంలో కాన్లీ మళ్లీ పాటలు రాయడం మొదలుపెట్టి కాన్సొనెంట్ అనే బ్యాండ్ కట్టాడు. అదే ఏడాది, 1980ల అమెరికన్ అండర్‌గ్రౌండ్ బ్యాండ్‌ల మీద మైకేల్ అజరాడ్ రాసిన పుస్తకం వచ్చింది, అందులో వీళ్ల మీద ఒక పూర్తి అధ్యాయం ఉంది. కొత్త తరం చెవిన పేరు పడింది. 2002 జనవరిలో న్యూయార్క్, బోస్టన్‌లలో కచేరీలు చేశారు. మొదట అనుకున్నది ఆ కొన్ని కచేరీలే. స్వోప్ రానన్నాడు. అతని స్థానంలో టేప్ పని, సౌండ్ పని బాబ్ వెస్టన్ తీసుకున్నాడు. వెస్టన్ ఊరికే వచ్చిన మనిషి కాదు: షెల్లాక్ అనే బ్యాండ్ బేసిస్టు, రికార్డింగ్ ఇంజినీరు, అంతకుముందు ప్రెస్కాట్‌తో వోల్కానో సన్స్‌లో వాయించినవాడు. స్వోప్ చేసినదాన్ని మక్కీకి మక్కీ దింపకుండా, పద్ధతి మాత్రం తీసుకుని తన చేతివాటం చూపించాడు.

వేదికను కూడా మార్చుకున్నారు. డ్రమ్స్‌కూ మిల్లర్‌కూ మధ్య పారదర్శకమైన ప్లెక్సిగ్లాస్ అడ్డు పెట్టారు. మిల్లర్ మఫ్‌లు పెట్టుకునే వాయించాడు. ఒక చిన్న క్లబ్ వేదిక మీద గిటారిస్టు చెవికి దగ్గరగా, నేరుగా కొట్టేది చాలాసార్లు డ్రమ్మర్ సింబల్స్ (డ్రమ్స్‌తో పాటు ఉండే లోహపు పళ్లేలు) శబ్దం. ఆ అడ్డు ఒక్కటి పడితే సింబల్స్‌ను దాటి వినిపించడానికి గిటార్ ఆంప్ (శబ్దాన్ని పెంచే స్పీకర్ పెట్టె) పెంచాల్సిన అవసరం తగ్గుతుంది, గిటార్‌ను దాటడానికి బేస్ పెంచాల్సిన అవసరమూ తగ్గుతుంది. ఒకరిని చూసి ఒకరు వాల్యూమ్ పెంచుకుంటూ పోయే ఆ పోటీ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

ఇక ఆల్బమ్‌లు. 2004లో 'ఆన్‌ఆఫ్‌ఆన్', 2006లో 'ది ఒబ్లిటరాటి', 2009లో 'ది సౌండ్ ది స్పీడ్ ది లైట్', ఈ మూడూ మాటడార్ లేబుల్ మీద వచ్చాయి. 2012లో 'అన్‌సౌండ్' ఫైర్ రికార్డ్స్ నుంచి వచ్చింది. మొదటిదాంట్లో పాత రోజుల్లో రాసి సరిగ్గా రికార్డు చేయని పాటలు కొన్ని కలిశాయి, అందుకే కాస్త కలగాపులగంగా ఉంటుంది. 'ఒబ్లిటరాటి'లో ఆ తడబాటు లేదు. యాభై ఏళ్లకు అటూ ఇటూగా ఉన్న మనుషులు పాతికేళ్ల నాటి కోపాన్ని నటించకుండా, ఇప్పటి బుర్రతో ఇప్పటి పాటలు రాస్తే ఎలా ఉంటుందో అందులో వినిపిస్తుంది. ప్రెస్కాట్ డ్రమ్స్ వెనక్కి తగ్గవు, గిటార్ గరుకుదనం ఎక్కడా పోలేదు. 2009 ఆల్బమ్ నాకు కొంచెం చదునుగా అనిపిస్తుంది. ఒకటి రెండు పాటలు తప్ప మళ్లీ మళ్లీ దాని దగ్గరికి వెళ్లను. అదే ఏడాది అక్టోబర్ 4ను బోస్టన్ నగరం 'మిషన్ ఆఫ్ బర్మా దినం'గా ప్రకటించింది.

డబ్బు కోసమేనా అన్నారు. వాళ్ల లెక్కలు నేను చూడలేదు, కానీ పని చూస్తే జవాబు దొరుకుతుంది. డబ్బే కావాలనుకుంటే పేరున్న ఆ రెండు పాత పాటలతో ఏడాదికి నాలుగు ఫెస్టివల్స్ చేసుకుంటే సరిపోయేది. పదేళ్లలో నాలుగు ఆల్బమ్‌లు రాయాల్సిన పని లేదు.

అదే కాలంలో కలిసిన మిగతా పోస్ట్-పంక్ బ్యాండ్‌ల పక్కన పెట్టి చూస్తే తేడా ఇంకా తెలుస్తుంది. లీడ్స్‌కు చెందిన గ్యాంగ్ ఆఫ్ ఫోర్ అసలు నలుగురూ 2004లో కలిశారు. కచేరీలు అదిరిపోయాయి. కానీ 2005లో తెచ్చిన 'రిటర్న్ ది గిఫ్ట్'లో ఉన్నవి తమ పాత పాటల కొత్త రికార్డింగులు. ఆ నలుగురి కూటమి ఎక్కువ కాలం నిలవలేదు. లండన్ బ్యాండ్ వైర్ ఇంకో కొసకు పోయింది. 1980ల మధ్యలో మళ్లీ కలిశాక పాత పాటలు వాయించబోమని తేల్చి చెప్పింది. 1987 అమెరికా టూర్‌లో వైర్ తొలి ఆల్బమ్‌ను వాయించే అభిమానుల బ్యాండ్ ఎక్స్ లయన్ టేమర్స్‌ను తమకు ముందు వేదిక ఎక్కించి, తాము కొత్తవి మాత్రమే వాయించుకున్నారు. నాకు ఆ మొండితనం అంటే గౌరవం. ఇయాన్ కర్టిస్ 1980లో చనిపోయాక జాయ్ డివిజన్‌కు అసలు రీయూనియన్ అనే దారే లేకపోయింది, మిగిలినవాళ్లు పేరు మార్చుకుని న్యూ ఆర్డర్ అయ్యారు. బర్మా వాళ్లు మధ్యదారి పట్టారు: పాతవి మనస్ఫూర్తిగా వాయించారు, పక్కనే కొత్తవి పెట్టారు, రెండింటికీ ఒకే బరువు ఇచ్చారు.

నా పనిలోనూ ఇది చూస్తుంటాను. ఇంజినీరింగ్ కాలేజీల పూర్వ విద్యార్థుల సమ్మేళనాల్లో పాత బ్యాండ్‌లు మళ్లీ ఎక్కుతాయి. ఒకసారి ఒక బ్యాండ్ అప్పటి పాటలే, అప్పటి వరసలోనే, అప్పటి వాల్యూమ్‌లోనే వాయిస్తామని పట్టుబట్టింది. మూడో పాటకల్లా వేదిక మీద ఎవరి గొంతు ఎవరికీ వినపడలేదు, మానిటర్లలో (వాయించేవాళ్ల వైపు తిప్పిన స్పీకర్లలో) ఇంకా పెంచమని ఒకటే సైగలు. స్నేహితులు ఈలలు వేశారు, ఫొటోలు దిగారు, ఆ రాత్రితో అయిపోయింది. ఇంకో బ్యాండ్ సికింద్రాబాద్ కుర్రాళ్లది, ఇప్పుడు కుర్రాళ్లు కాదనుకోండి. వాళ్లు కచేరీకి ముందే రెండు కొత్త పాటలు రాసుకుని వచ్చారు. ప్రాక్టీస్‌లో డ్రమ్మర్ సన్నటి కర్రలతో వాయించాడు. ఇప్పటికీ వాయిస్తున్నారు. కొత్త పాట లేని రీయూనియన్ ఒక్క రాత్రికి సరిపోతుంది, ఆపైన నడవదు అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు మీ చెవులు. ప్రాక్టీస్ అయ్యాక రాత్రంతా గుయ్‌మంటోందంటే శబ్దం మోతాదు మించిందని చెవి చెప్తోంది. ఉదయానికి తగ్గిపోతోంది కదా అని వదిలేయొద్దు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి వెంట్రుక కణాలు మనుషుల్లో ఒకసారి చస్తే మళ్లీ పుట్టవు. అమెరికాలో వృత్తి భద్రత కోసం పెట్టిన నియోశ్ సంస్థ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో 8 గంటలు ఉండొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగం అవుతుంది. అంటే 100 డెసిబెల్స్‌కు 15 నిమిషాలే. డ్రమ్స్ ఉన్న చిన్న జామ్ రూమ్‌లో 100 దాటడం మామూలు విషయం.

గోడలకు గుడ్ల ట్రేలు, తివాచీలు అతికించాం కదా అంటారేమో. అవి గదిలో ప్రతిధ్వనిని కొంత తగ్గిస్తాయి, డ్రమ్స్ నుంచి నేరుగా మీ చెవికి వచ్చేదాన్ని ఆపలేవు. గిటార్ ఆంప్‌ను నేల మీద పెట్టకండి. నేల మీద ఉంటే శబ్దం మీ పిక్కలకు తగులుతుంది, మీకు వినపడక మీరు పెంచుతారు, ఎదురుగా ఉన్న గాయకుడి చెవులు పోతాయి. ఒక కుర్చీ మీద పెట్టి మీ తల వైపు వంచండి, సగం వాల్యూమ్‌కే స్పష్టంగా వినిపిస్తుంది. డ్రమ్మర్ హై-హ్యాట్ పక్కన, క్రాష్ సింబల్ ఎత్తులో చెవి పెట్టి నిలబడకండి. నాకు తెలిసిన ఒక గిటారిస్టుకు ఎడమ చెవి ఒక్కటే మోగేది. చూస్తే, ప్రతి ప్రాక్టీస్‌లో ఎడమ వైపు సింబల్ ఉండేది. చోటు మారాడు, ఆంప్ ఎత్తాడు, ప్లగ్‌లు మొదలుపెట్టాడు. మోత పూర్తిగా పోలేదు, కానీ ఆ తర్వాత పెరగలేదు.

ప్లగ్‌ల విషయానికొస్తే, మెడికల్ షాపులో దొరికే ఫోమ్‌వి హై ఫ్రీక్వెన్సీలను (సన్నటి, పదునైన శబ్దాలను) ఎక్కువ మింగేస్తాయి, అందుకే సంగీతం దుప్పటి కప్పినట్టు వినిపించి మనవాళ్లు తీసి జేబులో వేసుకుంటారు. సంగీతకారుల కోసం ఫిల్టర్‌తో చేసినవి వేరే ఉన్నాయి, అన్ని ఫ్రీక్వెన్సీలనూ దాదాపు సమానంగా తగ్గిస్తాయి. ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ఆడియాలజిస్టు (వినికిడి నిపుణుడు) దగ్గర మీ చెవి అచ్చు తీయించి కూడా చేయించుకోవచ్చు. ఏవీ లేని రోజున ఫోమ్‌వే పెట్టుకోండి, వట్టి చెవులతో మాత్రం వాయించకండి.

ఒకసారి ఈఎన్‌టీ డాక్టర్‌ను కలిసి ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష చేయించండి. శబ్దం వల్ల జరిగే నష్టం ఎక్కువగా 4,000 హెర్ట్జ్ దగ్గర గ్రాఫ్‌లో ఒక గుంటలా కనిపిస్తుంది, మామూలు మాటల్లో తేడా తెలియకముందే అక్కడ బయటపడుతుంది. ఒక చెవికి హఠాత్తుగా వినికిడి తగ్గితే మాత్రం ఉదయం దాకా చూద్దాం అనుకోకుండా వెంటనే వెళ్లండి. దానికి చికిత్స మొదటి రోజుల్లోనే పనిచేస్తుంది. టినిటస్‌ను పూర్తిగా మాయం చేసే మందు ఇప్పటికీ లేదు, ఎవరైనా ఉందని అమ్మితే కొనకండి.

మిల్లర్ టినిటస్ పోకపోయినా బ్యాండ్ 2002 నుంచి 2016 దాకా వేదికల మీద నిలబడింది, తొలి దశ కంటే మూడు రెట్లకు పైగా. ఆ తర్వాత మళ్లీ ఎక్కలేదు, 2020లో ముగిసిందని చెప్పారు. ఈసారి కూడా తగాదాలేమీ బయటికి రాలేదు.

వినే వరస ఇలా పెట్టుకోండి: 'ఒబ్లిటరాటి', వెంటనే 1981 ఈపీ, ఆ పైన 'వర్సెస్'. ఈపీలో ఆఖరి పాట 'ఆల్ వరల్డ్ కౌబాయ్ రొమాన్స్'లో మాటలు లేవు, గిటార్ కింద స్వోప్ పని ఏమిటో చెవికి పట్టేదాకా రెండు మూడుసార్లు వినండి. 'అన్‌సౌండ్' ఆ తర్వాతే. హెడ్‌ఫోన్స్‌లో వినేటట్టయితే వాల్యూమ్ సగం దాటించకండి, ఈ రికార్డులు ఆ సగంలో కూడా గట్టిగానే మోగుతాయి.